తొంభై తొమ్మిదిలో ఒకతె

"కాలరు కాడ జర గట్టిగ తియ్యి. స్టేజీ మీద లైట్ల కింద అంత కనవడ్తది" అన్నాడు మల్లేశ్వర్, అద్దంలో మీసం సరిచేసుకుంటూ.

పూజిత ఇస్త్రీపెట్టెను కాలరు మీద ఆనించి ఒత్తింది. గంజి పెట్టి, నీలిమందు నీళ్లలో ముంచి, నీడన ఆరేసిన తెల్ల చొక్కా. ఒకప్పుడు ఈ మనిషి ఇంటికి తెచ్చే తెలుపు వేరు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నుంచి వస్తే కనురెప్పల మీద కూడా బండల దుమ్ము ఉండేది. ఆ దుమ్ము వదిలించిందీ ఈ చేతులే, ఈ గంజి పెట్టిందీ ఈ చేతులే. మారింది చొక్కా.

వికారాబాద్‌లో సువార్త సభలు జరుగుతున్నాయి. ఆఖరి రోజు మధ్యాహ్నం మల్లేశ్వర్ సాక్ష్యం, ప్రభువు తనను ఎట్లా మార్చాడో జనానికి చెప్పడం. మల్లేశ్వర్ అనకూడదు నిజానికి. బాప్తిస్మం అయ్యాక అతని పేరు పౌలు. అత్త బుగ్గమ్మకు నోరు తిరగక "పావులూ" అని పిలుస్తుంది. సంఘంలో అందరికీ అతను బ్రదర్ పౌలు. తాగినవాడూ, కొట్టినవాడూ, ఇల్లు విడిచి పోయినవాడూ మల్లేశ్వర్. "గా మల్లేశ్వర్ సచ్చిపోయిండు" అని అతను మైకులో అన్నప్పుడల్లా జనం చప్పట్లు కొడతారు. పూజిత మాత్రం ఒళ్లో చేతులు పెట్టుకుని ఆలోచిస్తుంది. చచ్చిపోయినవాడు ఇక తనను క్షమించమని అడగడు. బతికున్న పౌలేమో తాను ఏ తప్పూ చేయలేదంటాడు. మరి తన సంగతి ఎవరితో తేల్చుకోవాలి?

ఆమె చొక్కాను తిప్పి వేసి మెల్లగా అంది. "ఇయ్యాల మా అమ్మ వస్తుంది. గా ముచ్చట ఒక్కటి చెప్పకు."

"ఏ ముచ్చట?"

అతనికి నిజంగానే తట్టలేదు. "నైటీ ముచ్చట" అంది.

"అరె, గదే గదా అసలు సాక్ష్యం! అది చెప్తెనే జనం కదుల్తరు. పాపం ఎంత పెద్దగ కనవడ్తే కృప అంత పెద్దగ కనవడ్తది. అది నీ ముచ్చట కాదు పూజితా, ప్రభువు ముచ్చట."

ఒక వానాకాలం పొద్దున, తాగొచ్చి, ఆమెను నైటీతోనే వాకిట్లోకి నెట్టి లోపల గడియ పెట్టుకున్నాడు. వానలో తడిసి, బట్ట ఒంటికి అంటుకుపోయి, గల్లీ అంతా లేచి చూస్తుంటే, డిగ్రీ చదివిన మనిషి గోడవైపు తిరిగి నిలబడింది. ఎదురింటామె వచ్చి దుప్పటి కప్పేదాకా అట్లాగే ఉంది. అప్పుడు ఒక్క గల్లీనే చూసింది. ఇప్పుడు ఆదివారానికొక ఊరు చూస్తోంది. అతను ప్రతి సంఘంలోనూ ఆమెను మళ్లీ నైటీతో నిలబెడతాడు. ఆడవాళ్లు కళ్లొత్తుకుంటారు. ఆమెను చూసి కాదు, అతన్ని చూసి.

బంట్వారంలో ఉన్న అమ్మ భాగమ్మకు ఈ సంగతి తెలియదు. కోడళ్లతో వేగలేక వేగుతున్న మనిషికి తన బరువు కూడా ఎందుకని పూజిత ఎన్నడూ చెప్పలేదు.

గడప దగ్గర కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న బుగ్గమ్మ అందుకుంది. "మొగడు తాగుడు బంద్ జేసిండు. ఇంటి పట్టున ఉంటుండు. ఇంకేం గావాలె నీకు? ఊర్ల ఆడోళ్లు నిన్ను జూసి కుళ్లుకుంటుండ్రు తెలుసా?"

కుళ్లు. ఆ మాట దగ్గర పూజిత చెయ్యి ఆగింది. చొక్కా మాడకముందే ఇస్త్రీపెట్టె పైకెత్తింది.

కుళ్లు తనకే ఉంది. దాచుకుని లాభం లేదు. భర్త మెడలో వేసే శాలువా మీద కాదు, అతనికి దొరికే మర్యాద మీద కూడా అంతగా కాదు. అతన్ని ఒకరు వెతికారన్నదే ఆమె ఓర్వలేకపోతోంది. తప్పిపోయిన గొర్రె కోసం కాపరి కొండలన్నీ తిరిగాడని పాస్టరు గారు చెప్తుంటే, జనం తలలు ఊపుతుంటే, పూజితకు ఒక్కటే అనిపిస్తుంది. తనను ఎవరు వెతికారు? వెతకడానికి తను ఎక్కడికి పోయింది గనుక! పొయ్యి దగ్గరో, బట్టల బండ దగ్గరో, అత్త మందుల దగ్గరో ఎప్పుడూ దొరికే చోటే ఉంది. అతను తప్పిపోయాడు. ఆమెకు తప్పలేదు. రెండు మాటలకూ మధ్య ఇంత తేడా ఉందని తెలుగు బీయేలో ఎవరూ చెప్పలేదు. తప్పిపోవాలన్నా మనిషికి కొంచెం తీరిక కావాలి. ఎసట్లో బియ్యం పోసి ఎవరూ తప్పిపోరు.

ఒక పొద్దున బట్టలు ఉతుకుతూ ప్రభువునే అడిగేసింది, "నన్నెప్పుడన్న ఎతికినవా?" అని. అడిగి, తర్వాతి బట్టకు సబ్బు పెట్టింది.

అత్తను ఎదురింటామె దగ్గర కూర్చోబెట్టి, ఇంటికి తాళం వేసి, రైలు ఎక్కేటప్పటికి ఎండ ముదిరింది. కూతురు సాహిత్యను కిటికీ పక్కన కూర్చోబెట్టి పూజిత మధ్యలో కూర్చుంది. మల్లేశ్వర్ కళ్లు మూసుకుని పెదాలు కదుపుతున్నాడు. ప్రార్థన అనుకున్నారు ఎదుటివాళ్లు. పూజితకు తెలుసు, సాక్ష్యం వల్లె వేసుకుంటున్నాడు. ఎక్కడ గొంతు జీరపోవాలో, ఎక్కడ ఆగాలో, అన్నీ ఆమెకూ కంఠతా వచ్చు. చివర్లో ఒక ప్రశ్న ఉంటుంది. "రాళ్ల గుట్టల నడుమ జ్వరంతోని, తాగి, లేవలేక పడి ఉన్న. అప్పుడు ఒక చెయ్యి నన్ను లేపింది. ఎవలి చెయ్యి?" జనం ఒక్క గొంతుతో అంటారు, "ప్రభువు చెయ్యి!" మొదటిసారి పూజిత కూడా అందరితో పాటు అనేసింది. అన్నాక తన ఎడమ మణికట్టు మీది మచ్చ చూసుకుంది.

అతను ఇల్లు విడిచి పోయిన ఆ ఏడాది చంటిపిల్ల సాహిత్యను చంకనేసుకుని యూనిట్ యూనిట్ తిరిగింది ఆమె. తర్వాత బండల గనులు. కర్ణాటక దిక్కు పోయే దారిలో షేర్ ఆటోలు మారి, దిగి, నడిచి, కనిపించినవాళ్లనల్లా అడిగింది. "మొగడు పారిపోయిండా అమ్మా? నీతోని ఏం పరేషాన్ అయిండో పాపం" అని నవ్విన మగవాళ్లు ఉన్నారు. చివరికి పనికిరాని బండల కుప్ప వెనుక కనిపించాడు. పిల్లను దుప్పటి మీద పడుకోబెట్టి, అతని చంక కింద చెయ్యి దూర్చి లేపింది. బండ అంచుకు తగిలి గాజు పగిలి మణికట్టులోకి దిగింది. రక్తం కారుతుండగానే ఆటోలో వేసుకుని, తాగుబోతుల్ని చేరదీసే ప్రార్థన మందిరం ఉందని విని, అక్కడికి తీసుకుపోయి పాస్టరు గారికి అప్పజెప్పింది. ఇంటికొచ్చి అత్తకు రొట్టెలు చేసింది.

ప్రభువు ఆ రోజు రాలేదని ఆమె అనదు. వచ్చే ఉంటాడు. వస్తే ఆమె కాళ్లతోనే నడిచాడు, ఆమె చేత్తోనే లేపాడు. మరి పేరొక్కటీ ఆయన ఎందుకు తీసుకున్నాడు? మనుషుల మీద అసూయపడటం తేలిక, చాటుగా తిట్టుకోవచ్చు. దేవుడి మీద అసూయపడే ఆడదానికి ఆ మాట చెప్పుకునే చోటు కూడా ఉండదు.

టెంటు నిండిపోయింది. భాగమ్మ అప్పటికే వచ్చి ముందు వరుసల్లో చోటు పట్టుకుని ఉంది. "గింత చిక్కిపోయినవేందే?" అని బిడ్డ చెంపలు నిమిరి, మనుమరాల్ని ఒళ్లోకి లాక్కుంది. "గీ దేవుని ముచ్చట్లు నాకేం తెల్వయి. అల్లుడు మాట్లాడ్తడంటె సూద్దామని వచ్చిన."

పాస్టరు గారు ఆ గొర్రె కథతోనే మొదలుపెట్టారు. నూరు గొర్రెలు, ఒకటి తప్పిపోవడం, తొంభై తొమ్మిదింటినీ అడవిలో విడిచి కాపరి వెతకబోవడం. భాగమ్మ నొసలు ముడిపడింది. బిడ్డ చెవిలో అడిగింది, "మందను ఎవలికి అప్పజెప్పి పోయిండు?"

పూజితకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి. స్త్రీల కూడికలో తనూ ఒకసారి సరిగ్గా ఇదే అడిగింది. అందరూ నవ్వారు. "కురుమోళ్ల బిడ్డ గదా, గొర్ల ఫికరే" అన్నారు. "అది ఉపమానం అమ్మా, గొర్లను అంత గనం పట్టించుకోవద్దు" అన్నారు పాస్టరు గారు.

కానీ కాపరుల ఇంట్లో పుట్టినవాళ్లకు వేరే ప్రశ్న ఎట్లా వస్తుంది? నాన్న దేవప్ప తప్పిపోయిన గొర్రె కోసం పోయినప్పుడల్లా మంద దగ్గర గొంగడి కప్పుకుని నిలబడేది అమ్మే. వాన వచ్చినా, తోడేలు జాడ ఉందన్నా కదిలేది కాదు. నాన్న భుజాల మీద గొర్రెతో వస్తే ఊరంతా ఆయన చుట్టూ మూగేది. ఆయన మాత్రం ఆ గొర్రెను దింపి, ముందు అమ్మ దగ్గరికే పోయేవాడు. "నువ్వు నిలబడ్డవనే నేను తిరిగిన. తిన్నవా?" అనేవాడు. అంతే. ఆ రెండు ముక్కల కోసమే పూజిత ఇన్నేళ్లుగా కాచుకుని ఉంది.

"బ్రదర్ పౌలు రావాలె. సిస్టర్ పూజిత గూడ పక్కన నిలబడాలె. ఆ తల్లి కన్నీళ్లే సాక్ష్యం" అని పిలిచారు.

ఆమె స్టేజీ ఎక్కి అతని పక్కన నిలబడింది. అతను గొంతు సవరించుకున్నాడు. తాగుడు చెప్పాడు. కొట్టడం చెప్పాడు. జనంలో చిన్న మూలుగులు. అతను ఒక్క క్షణం ఆగి తల దించాడు. ఆ ఆగడం ఆమెకు తెలుసు. తర్వాత వచ్చే మాట "వాన". కింద అమ్మ ముఖం, ఏమీ తెలియని ముఖం, పైకెత్తి చూస్తోంది.

"ఒకనాడు పొద్దుగాల వాన..."

పూజిత మైకు కోసం చెయ్యి చాపింది. ఆమెకు దుఃఖం వచ్చిందనుకుని, కూడిక ఇంకా రక్తి కడుతుందనుకుని, అతను సంతోషంగా ఇచ్చాడు.

"అందరికి వందనాలు" అంది. తన గొంతు అంత పెద్దగా వినిపిస్తే ముందు తనే ఉలిక్కిపడింది. "ఇప్పుడు ఈయన చెప్పబోయే ముచ్చట నాది. నాది నేను చెప్పుకుంటనో, చెప్పుకోనో నా ఇష్టం. దాన్ని ఇడిచిపెడ్తున్న. ఆఖర్ల ఒకటి అడుగుతడు ఈయన, రాళ్లల్లకెల్లి లేపిన చెయ్యి ఎవలిదని." ఎడమ చెయ్యి పైకెత్తింది. గాజులు మోచేతి దాకా జారి మచ్చ బయటపడింది. "ఇది. దేవుడు పంపిండు, నేను పోయిన. ఈయన దేవునికి స్తోత్రం చెప్పిండు. నాకు ఇంక చెప్పలె."

వెనుక నుంచి ఎవరో అలవాటు కొద్దీ "హల్లెలూయ" అని, అన్నది తప్పేమోనని ఆపేశారు. ఆ తర్వాత ఆడవాళ్ల వైపు నుంచి ఒక ముసలి గొంతు నిదానంగా అంది, "ఆమెన్."

మల్లేశ్వర్ పళ్ల మధ్య నుంచి గొణిగాడు. "పరువు తీసినవ్ గదనే."

పూజిత మైకు పక్కకు జరిపి అంది. "ఎవలి పరువు? మల్లేశ్వర్‌దైతే, ఆయన సచ్చిపోయిండు గదా."

మెట్లు దిగి టెంటు వెనక్కి, వంట పాత్రలు బోర్లించిన చోటికి నడిచింది. ఖాళీ డేగిశా ఒకటి పట్టుకుని నిలబడింది. ఎంతసేపో తెలియదు. వెనుక రొప్పుతూ అడుగుల చప్పుడు వినిపించింది.

"గీడున్నవా!" భాగమ్మ. కొంగు జారి, చెప్పు ఒకటి తెగి చేతిలో ఉంది. మనుమరాలి చెయ్యి రెండో చేతిలో. "అటు జూసిన, ఇటు జూసిన. గా ఆడోళ్లందరి నడుమకెల్లి పడి వచ్చిన. ఎంత ఎతికిననే నిన్ను!"

ఎతికిన. ఆ మాట తన పేరు మీద వినడం పూజితకు ఇదే మొదలు. అమ్మ భుజం మీద నొసలు ఆనించింది. భుజానికి ఇప్పటికీ కొంచెం గొర్రెల వాసన.

"ఏం చెప్పబోయిండే నీ మొగడు?" అడిగింది భాగమ్మ.

"చెప్త. నువ్వు తిన్నవా?"

"యాడిది? నువ్వు?"

"లే."

బంట్వారం బస్సులో ముగ్గురికీ ఒకే సీటు దొరికింది. సాహిత్య అమ్మమ్మ ఒళ్లో అరటిపండు తింటోంది. కిటికీ బయట కంది చేలు వెనక్కి పోతున్నాయి. ఇంటి తాళంచెవి కొంగు చివర ముడిలో తనతోనే వచ్చేసిందని అప్పుడు గమనించింది పూజిత. ముడి విప్పలేదు. ఎసట్లో బియ్యం పోసేవాళ్లు ఇవాళ ఆ ఇంట్లో ఎవరో!

ఫోన్ మోగింది. చాలాసేపు మోగనిచ్చి ఎత్తింది.

"యాడున్నవ్?" అతని గొంతు వెనుక జనం, మైకు, ఎవరో పాడుతున్న పాట. "టెంటంత చూసిన, గేటు కాడ చూసిన. యాడికి పోయినవ్ పూజితా?"

ఆ గొంతులో ఇంతకుముందెన్నడూ లేని బెదురు ఏదో ఉంది. ఆమె దాన్ని పూర్తిగా విన్నది. తర్వాత నింపాదిగా అంది.

"ఎతుకు."