నేల మీద మూడు దెబ్బలు

నేను ఒక పేము బెత్తాన్ని. మూరన్నర పొడవు, ఒక కొసన ఇత్తడి తొడుగు, అదే పొన్ను. కొండల్లో పారే గెడ్డ పక్కన పుట్టాను. బుట్టలల్లే ఒకాయన నన్ను కోసి, నిప్పుసెగ మీద వంపు తీసి, ఆముదం పట్టించి సంతకు తెచ్చాడు. ఒక బడిపంతులు బేరమాడి వదిలేశాడు. భూతవైద్యం చేసే సోములయ్య కొన్నాడు. పంతులు చేతిలో పడినా నా బతుకు పెద్దగా మారేది కాదేమో.

సోములయ్య పెట్టెలో మేం అయిదుగురం. దేవతను పిలవడానికి గంట, కీడు దాటి రాకుండా గిరి గీయడానికి పసుపు డబ్బా, నుదుటికి విబూది సంచి, తల నుంచి పాదాల దాకా దువ్వి దిష్టి దింపడానికి నెమలీకల కుంచె. నా పని అడగడం. "ఎవరు నువ్వు? ఎందుకు పట్టావు?" అని రోగిని అడిగేటప్పుడు నన్ను ఎత్తుతారు. జవాబు వచ్చేదాకా ఆగితే కదా మనుషులు! ప్రశ్న ముగియకముందే నేను వీపు మీద పడేదాన్ని. అరిచినవాళ్ళంతా ఆడవాళ్ళే. దయ్యాలు మగవాళ్ళ జోలికి ఎందుకు పోవో నాకెవరూ చెప్పలేదు.

సోములయ్య పోయాక ఆయన కొడుకు సన్యాసయ్య పెట్టె తెరిచాడు. నన్ను కడిగి, అమ్మవారి పటం ముందు పెట్టి, చాలాసేపు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. "ఇక నుంచి నేల మీదే" అన్నాడు. నాకు ప్రాణం లేచి వచ్చింది. అప్పటి నుంచి గిరి చుట్టూ నేల మీద మూడు దెబ్బలు, అంతే.

ఒక మంగళవారం పొద్దున్న నరసాయమ్మ తన కోడలు పైడమ్మను ఆటోలో తీసుకొచ్చింది. వెంట కొడుకు అప్పలకొండ ఉన్నాడు.

"నెల్లాళ్ళయి నోరిప్పనేదు, కూడు ముట్టనేదు. చింతతోపులో ఏదో పట్టీసింది" అంది నరసాయమ్మ.

పైడమ్మ గిరిలో కూర్చుంది. చేతులు పుల్లల్లా ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు ఇలాగే సాగితే ఆ మనిషి దక్కదని నాకే తెలిసింది. సన్యాసయ్య గంట మోగించాడు, కుంచెతో దువ్వాడు, నాతో నేలను మూడుసార్లు కొట్టి అడిగాడు. ఉలుకూ పలుకూ లేదు.

"మీ నాయనైతే ఈపాటికి నాలుగు తగిలించీవోడు. నీ బెత్తానికి నేల మీదే కోపమేటి?" అని దెప్పింది నరసాయమ్మ.

"నేలైతే ఓర్చుకుంటాది పిన్నీ. పిల్లకేటైందో సెప్పు."

అప్పలకొండ తల దించుకున్నాడు. "పురిట్లో ఆడపిల్ల పోయింది అన్నా. పదోరోజున."

"బారసాల కాని బిడ్డ, పేరైనా నేదు. దానికి ఏడుపేటి?" అంది నరసాయమ్మ. "ఏడిస్తే మళ్ళీ కడుపు నిలవదంటారు. నానే నోరు ముయ్యమన్నాను."

రోగి చేతికి బెత్తం ఇవ్వకూడదన్నది ఈ విద్యలో మొదటి కట్టడి. దయ్యానికి ఆయుధం ఇచ్చినట్టట. అయినా సన్యాసయ్య గిరిలోకి వెళ్ళి నన్ను పైడమ్మ ఒళ్ళో పెట్టాడు.

"ఈసారి నువ్వడుగమ్మా. నీకెవల్ని అడగాలనుంటే ఆళ్ళని."

ఆమె వేళ్ళు నా మీద బిగిశాయి. నరసాయమ్మ గబుక్కున కొడుకు వెనక్కి నక్కింది. పైడమ్మ నేలను కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడో దెబ్బకు నేను నిలువునా చీలాను, పొన్ను ఊడి గుమ్మం దాకా దొర్లింది.

"నానెట్టాను పేరు" అంది పైడమ్మ. గొంతు బొంగురుగా వచ్చింది. "సెవిలో సెప్పాను. నచ్చిమి అని."

నరసాయమ్మ కొడుకు వెనక నుంచి ఇవతలికి వచ్చింది. "నచ్చిమా? మాయమ్మ పేరెట్టినావా?" అంటూ గిరి దాటి వెళ్ళి కోడలి పక్కన కూలబడింది. అత్తాకోడళ్ళు ఒకరి మెడ మీద ఒకరు పడి ఏడ్చారు. సన్యాసయ్య భార్య గంజి తెచ్చింది. పైడమ్మ సగం గ్లాసు తాగింది. "రేపు ఆసుపత్రిలో డాక్టరమ్మకి కూడా సూపించండి" అన్నాడు సన్యాసయ్య.

ఆ రోజు దయ్యం ఉందా అంటే నాకు తెలియదు. అమ్మవారు మాత్రం అక్కడే ఉందని అనుకుంటాను.

చీలిన బెత్తం పెట్టెకు పనికిరాదు. సన్యాసయ్య నన్ను పెరట్లో కాకరపాదుకు ఊతగా పాతాడు. మొన్న పైడమ్మ వచ్చింది. నన్ను వెతికి పట్టుకుని, పసుపు రాసి, కళ్ళకద్దుకుని వెళ్ళింది. ఇన్ని వీపుల మీద పడిన నాకు ఇంత మర్యాద దక్కింది. కాకరతీగ ఇప్పటికి నా నడుము దాకా పాకింది. నేనెవరో అది అడగలేదు.