స్థానిక కుటుంబంతో ఒక పూట

త్రినాథ్‌ని కంపెనీ మస్కట్ నుంచి ఎచ్చెర్లకి బదిలీ చేసింది. కాగితాల మీద అది విదేశీ బదిలీ. నిజానికి కంపెనీ అక్కడ గాజు ఫ్యాక్టరీ కట్టిన మెట్టలోనే చిన్నప్పుడు అతను మేకలు కాశాడు. అతని అక్క జగ్గమ్మ కాపురం చేసే ఊరు అక్కడికి దగ్గరే, ఆటోలో పోతే పావుగంట. అయినా కంపెనీ దృష్టిలో అతను కొత్త చోటికి తరలివచ్చిన ఉద్యోగి. అందుకని విశాఖపట్నం విమానాశ్రయంలో పూలగుత్తి ఇచ్చారు, కాలనీలో ఫ్లాట్ ఇచ్చారు, ఈ ప్రాంతపు నీళ్ళు మరిగించకుండా తాగొద్దని హెచ్చరించే చిన్న పుస్తకం ఇచ్చారు. తరలివచ్చినవాళ్ళ పిల్లల కోసమే పెట్టిన ఇంటర్నేషనల్ స్కూల్లో ఆరేళ్ళ కూతురు మోక్షితకి సీటూ ఇచ్చారు.

అతని భార్య దుర్గాభవానికి అన్నిటికంటే ఆ ఫ్లాట్ నచ్చింది. మస్కట్‌లో ఇంకో కుటుంబంతో కలిసి ఒకే వంటింట్లో వండుకుంది. ఇప్పుడు తనదంటూ ఒక వంటిల్లు వచ్చింది. వచ్చిన సంతోషం వెంటే భయమూ వచ్చింది. కిందటిసారి సెలవులకి వచ్చి శ్రీకాకుళంలో ఇల్లు అద్దెకి తీసుకుంటే, జగ్గమ్మ రెండ్రోజులు ఉండి వెళ్ళింది. ఆ రెండ్రోజుల్లో పోపు డబ్బా చోటు మారింది, బియ్యం డ్రమ్ము మంచం కిందికి పోయింది, కొత్త కుక్కరు ఎదురింటి బాలింతరాలికి వెళ్ళిపోయింది. జగ్గమ్మ చెడ్డది కాదు. ఎవరిల్లయినా తన ఇల్లే అనుకుంటుంది, అంతే.

అందుకని దుర్గాభవాని ముందే ఫోన్ చేసి ఒక అబద్ధం చెప్పింది. కంపెనీ రూలు ప్రకారం ఆరు నెలల దాకా చుట్టాలెవరూ రాకూడదనీ, వస్తే ఉద్యోగానికే ప్రమాదమనీ. జగ్గమ్మ పూర్తిగా నమ్మింది. పైగా తమ్ముడి ఉద్యోగం తనవల్ల పోకూడదని, త్రినాథ్ ఫోన్ చేసినా రెండు మాటలాడి పెట్టేసేది. ఫ్యాక్టరీలో కొలిమి వెలిగించే రోజులు కావడంతో అతనికి ఊపిరాడని పని. వెళ్ళి చూడ్డానికి కుదరలేదు. తను అప్పా అని పిలిచే అక్కకి కోపం వచ్చిందేమోనని మాత్రం బెంగపడేవాడు.

స్కూల్లో పిల్లలతోపాటు తల్లిదండ్రులకీ పాఠాలుండేవి. తెలుగు టీచరు లీలారాణి ఇక్కడివాళ్ళకి నమస్కారం ఎలా పెట్టాలో, చేత్తో అన్నం ఎలా కలపాలో నేర్పేది. దుర్గాభవాని ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మారిసెల్ పక్కన కూర్చుని బుద్ధిగా నేర్చుకునేది. తనది కొత్తవలస అని చెప్పినా లీలారాణి పాఠాలు మాన్పించలేదు. ఆడపడుచు ఊరి సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఎవరో ఒకరు కబురు మోస్తారు.

నెల తిరిగేసరికి ప్రిన్సిపాల్ జీవరత్నం కొత్త కార్యక్రమం ప్రకటించారు. కొత్తగా వచ్చిన కుటుంబాలు ఒక ఆదివారం మధ్యాహ్నం స్థానిక రైతు కుటుంబంతో గడపాలి. ఇంటిని లీలారాణి ఎంచింది. వాళ్ళ చర్చిలో పెళ్ళిళ్ళకి బియ్యం, బెల్లం ఇచ్చే ఇల్లది. వాకిలి శుభ్రం, వంట అమోఘం, ఇల్లాలికి బెదురు లేదు.

బస్సు ఎచ్చెర్ల దాటి ఎడమకి తిరిగేసరికి దుర్గాభవానికి అనుమానం వచ్చింది. రెండో మలుపులో అది ఆడపడుచు ఊరేనని తేలిపోయింది. తల తిరుగుతోందని చెప్పి చూసింది. లీలారాణి నిమ్మకాయ ఇచ్చి వాసన చూడమంది. త్రినాథ్ మాత్రం కిటికీలోంచి చూస్తూ సంబరపడిపోతున్నాడు.

జగ్గమ్మ పట్టుచీర కట్టుకుని గుమ్మంలో నిలబడింది. పక్కన ఆమె భర్త సోములు పళ్ళెంలో బంతిపూల దండలు పట్టుకున్నాడు. దేశాలు దాటి వచ్చినవాళ్ళు వస్తున్నారని వాళ్ళకి కబురు. ముందు మారిసెల్ కుటుంబం దిగింది. దండలు పడ్డాయి. వాళ్ళ వెనక తమ్ముడు, మరదలు దిగారు.

జగ్గమ్మ చేతిలో దండ ఆగింది. సోములు నోరు తెరవబోతే మోచేత్తో పొడిచింది. తమ్ముడి ఉద్యోగం ఆమె కళ్ళముందు ఆడింది. పక్కనే ప్రిన్సిపాల్ ఉన్నారు మరి. త్రినాథ్ "అప్పా" అనేలోపు దండ అతని మెడలో పడిపోయింది.

"రండి బాబూ, మస్కట్ నుంచొచ్చినారా" అంది, ఏనాడూ ఎరగనట్టు. "తమరు కూడా రండమ్మా."

తమరు అన్న మాట విని దుర్గాభవాని నిలువునా నీరైంది. ఇంతలో మోక్షిత పరిగెత్తుకెళ్ళి జగ్గమ్మ నడుం పట్టుకుని అత్తా అంది. లీలారాణి పొంగిపోయింది. చూశారా, నెలరోజుల్లోనే పిల్ల ఇక్కడి వరసలు పట్టేసిందని ప్రిన్సిపాల్‌కి చెప్పింది. ఆయన ఫోటో తీశారు.

విస్తళ్ళు వేశారు. చోడి అంబలి, ఆవపెట్టిన పనసపొట్టు కూర, నాటుకోడి పులుసు. చోడి అంటే రాగి అంటూ లీలారాణి ఒక్కొక్కటీ దుర్గాభవానికి వివరంగా చెబుతుంటే జగ్గమ్మ వడ్డిస్తూ, తమకిది కొత్తేమో, కారం తగ్గించమంటారా అని మర్యాదగా అడిగింది. అప్పకి మతి పోయిందో, తనకి పోయిందో తెలియక త్రినాథ్ తలొంచుకుని తిన్నాడు.

మారిసెల్ చేత్తో బాగానే కలుపుకుంటూ, మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఉన్నారా అని అడిగింది. లీలారాణి జగ్గమ్మకి తెలుగులో చెప్పింది.

జగ్గమ్మ గరిట గిన్నెలో పెట్టింది. "ఒక తమ్ముడున్నాడమ్మా. పెద్ద కంపెనీల పని. సుట్టాలెల్తే ఉద్యోగం పోతాదట, ఆరు నెల్లు ఎల్లకూడదట. దగ్గర్నే ఉన్నాడు. అయినా నాను ఎల్నేదు. ఆడు సల్లగుంటే సాలు."

లీలారాణి దాన్ని ఇంగ్లీషులో చెప్పేసరికి మారిసెల్ కళ్ళు నిండాయి. ఆమె అక్క అక్కడ ఫిలిప్పీన్స్‌లో, సిబూలో ఉంది. ప్రిన్సిపాల్ జీవరత్నం ముఖం మాత్రం ఎర్రబడింది. అలాంటి అమానుషమైన రూలు పెట్టిన కంపెనీ ఏదో చెప్పమన్నారు. అవసరమైతే తానే ఉత్తరం రాస్తానన్నారు. జగ్గమ్మ పేరు చెప్పనంది. ఆయన వదల్లేదు. తమ్ముడి పేరైనా చెప్పమన్నారు.

త్రినాథ్ మెల్లగా భార్యవైపు తిరిగాడు. నెలరోజుల పొట్టి ఫోన్ల అర్థం అతనికి అప్పుడు తెలిసింది.

దుర్గాభవాని విస్తరి ముందునుంచి లేచింది. "ఆ తమ్ముడు ఈయనేనండి. కంపెనీకి అలాంటి రూలేం లేదు. అది నేను పెట్టిందే."

సోములు కొంగలా మెడ చాచి అందరినీ చూశాడు.

"ఎందుకే?" అంది జగ్గమ్మ. కోపం లేదు ఆ గొంతులో. అదే దుర్గాభవానిని ఏడిపించింది.

"మీరొస్తే నా వంటిల్లు నాది కాదు వదినా. మీ చేతికి ఎదురు చెప్పలేను. అబద్ధమైతే తేలిగ్గా చెప్పేశాను."

జగ్గమ్మ పులుసు గిన్నె దగ్గరికి లాక్కుంది. "ఆ మాటే సెప్పుంటే ఈదిలోనే కూకుని ఎల్లిపోదును కదే. నెల్నాళ్ళ నుంచీ ఆడి గొంతు సరిగ్గా ఇన్నేదు నాను." తర్వాత తమ్ముడి విస్తట్లో ఇంకో గరిట పులుసు పోసి, "తిను, నువ్వేటి సేసినావు" అంది. మరదలి విస్తట్లో వేయలేదు. కాసేపయ్యాక వేసింది.

తిరిగి వెళ్ళేటప్పుడు మారిసెల్ జగ్గమ్మ చేతులు పట్టుకుని, వచ్చే ఆదివారం తన ఇంటికి రమ్మని లీలారాణితో చెప్పించింది. దుర్గాభవాని కూడా పిలిచింది. జగ్గమ్మ సూద్దాం అంది.

ఆదివారం దుర్గాభవాని తెల్లవారే లేచింది. రొయ్యలు వండింది, గారెలు చేసింది, బాల్కనీలో నిలబడింది. జగ్గమ్మ ఆటో దిగింది, పనసకాయ చంకన పెట్టుకుంది, గేటు దాటింది. పై అంతస్తులో ఉన్న మారిసెల్ ఇంటికి వెళ్ళిపోయింది.

గంట గడిచింది. పైనుంచి నవ్వులు వినిపించాయి, తర్వాత పోపు వాసన వచ్చింది. భాష తెలియని ఇద్దరూ ఇంతసేపు ఏం మాట్లాడుకుంటున్నారని దుర్గాభవాని మొగుణ్ణి నిలదీసింది. అతను పేపరు అడ్డం పెట్టుకున్నాడు. మధ్యాహ్నం రెండయ్యాక ఇక ఆగలేక మెట్లెక్కి తలుపు తట్టింది.

జగ్గమ్మ మారిసెల్ వంటింటి గట్టు మీద బాసింపట్టు వేసుకుని పనసకాయ కొడుతోంది. మారిసెల్ చేతులకి నూనె రాసుకుని పక్కన కూర్చుంది.

"వదినా, అన్నం చల్లారిపోతోంది. నేనూ మీకోసం తినలేదు."

జగ్గమ్మ కత్తి కింద పెట్టి మరదలి ముఖం పరికించి చూసింది. "ఇలాగొచ్చి నువ్వే పిలిస్తే గదా రావడం. ఉండు, ఈ పిల్ల కూడా తిన్నేదు" అని మారిసెల్ రెక్క పట్టుకుని లేపింది. నూనె చేతులతోనే ఇద్దరూ దుర్గాభవాని వెనక మెట్లు దిగారు.