తొమ్మిదేళ్ల కేకు

ఉలీసెస్ చేతిలో ఖాళీ మాత్రల పట్టీ ఉంది. అది ఎవరిస్తో అనే ఆయన గదిలోని చెత్తబుట్టలో దొరికింది.

"పన్ను పీకించుకుని నెల కావస్తోంది కదా పద్రీనో," అన్నాడు నవ్వుతూ. "ఇంకా సలుపుతోందా?"

మెక్సికోలో, తిహువానా ఊరి కొండవాలులో మత్తు మాన్పించే ఇల్లు అది. ఉలీసెస్ అక్కడ రోగి, ఎవరిస్తో కౌన్సెలర్. ఒకప్పుడు అతనూ అక్కడే రోగి. ఆ పనికి అక్కడ చదువు చూడరు, మత్తు మానేసి ఎన్నాళ్లయిందో చూస్తారు. ఏళ్ల తరబడి ముట్టకుండా నిలబడ్డవాణ్ణి పద్రీనో అంటారు, తండ్రి తర్వాత తండ్రిలా. ఏటా మానేసిన రోజున కేకు పెడతారు. మనిషి రోగుల కుటుంబాలన్నిటి ముందూ నిలబడి తన లెక్క తానే చెప్పాలి. మధ్యలో జారినవాడు ఏ పనిలో ఉన్నా దిగిపోయి, కొత్తవాళ్ల బెంచీ మీద కూర్చోవాలి.

ఆ రోజు ఎవరిస్తోకి తొమ్మిదేళ్లు. పన్ను నొప్పికి డాక్టరు ఐదు రోజులకు రాసిన మత్తు మాత్రలను అతను ఇరవై ఆరు రోజులు మింగాడు.

ఉలీసెస్ బేరం సూటిగానే ఉంది. తనకు నయమైందని, ఇంటికి పంపొచ్చని కాగితం మీద సంతకం పెడితే నోరు విప్పడు. వాడొచ్చి పదకొండు రోజులే అయింది. అంతకుముందు రెండుసార్లు ఊపిరి ఆగి, ఆసుపత్రిలో బతికాడు. మూడోసారి బతకడని ఎవరిస్తోకి తెలుసు.

"పెట్టను," అన్నాడు.

"సరే. కేకు ముక్క నాకూ ఉంచు. నీ ముఖం చూస్తూ తింటా."

పదకొండింటికి కుటుంబాలు వచ్చాయి. ఎవరిస్తో లేచి నిలబడ్డాడు. తొమ్మిదేళ్లు కాదు, ఇదే మొదటి రోజన్నాడు. మాత్రల సంగతి మొత్తం చెప్పాడు. ఉలీసెస్ బేరం మాత్రం చెప్పలేదు. అది రోగి గుట్టు. చప్పట్లు మోగలేదు. వెళ్లి బెంచీ చివర కూర్చున్నాడు.

ఉలీసెస్ తల్లి ఒర్తెన్సియా లేచి కొడుకు సంచీ తీసుకుంది. పద్రీనోయే మింగే చోట తన బిడ్డను ఉంచనంది. చేర్పించిన తల్లే తీసుకెళ్తానంటే ఆపే హక్కు ఎవరికీ లేదు.

ఎవరిస్తో గేటు దగ్గర అడ్డం నిలిచాడు.

"అమ్మా, నన్ను తిట్టు, కొట్టు. వేరే చోటికైనా పంపు. ఇంటికి మాత్రం తీసుకెళ్లకు, చచ్చిపోతాడు."

"ఎవరు చెబుతున్నారిది? పద్రీనోనా, బెంచీ మీదవాడా?"

ఎవరిస్తో పక్కకు తప్పుకున్నాడు.

"నేనెవరికీ చెప్పలేదు," అని గొణిగాడు ఉలీసెస్, అతని వైపు చూడకుండా.

ఒర్తెన్సియా కొడుకు చెయ్యి గట్టిగా పట్టుకుని వాలు దిగింది. మలుపు దగ్గర వాడు చెయ్యి విడిపించుకుని కిందికి, ఊళ్లోకి పరుగెత్తాడు.