తుడిచేసిన పసుపుకొమ్ము

డెబ్బై రెండులో వచ్చిన కరువు పాలమూరు ఎల్లప్పను మట్టిపనికని దేశాలు పట్టించింది. అతని పెళ్ళాం ఆండాలును తెచ్చి పట్నంలోని మాదన్నపేట కూరగాయల మార్కెట్‌లో పడేసింది. పగలంతా గంపలు మొయ్యడం, చీకటిపడితే ఆ గంపల మధ్యే నడుం వాల్చడం. పుస్తెలు ఏనాడో పశువుల మేతకు పోయాయి. మొగుడున్న ఆడదాని మెడ బోసిగా ఉండకూడదని పసుపుతాడుకు పసుపుకొమ్ము కట్టుకుంది. ఎల్లప్ప ఏ కాలువగట్టున ఉన్నాడో తెలియదు గానీ, ఆ కొమ్ము మెడలో ఉన్నన్నాళ్ళూ అతను క్షేమంగా ఉంటాడని ఆమె నమ్మకం.

కిషన్‌బాగ్ నుంచి చిత్రకారుడు మైసయ్య వచ్చి బొమ్మ గీస్తానంటే మొదట చీదరించుకుంది.

"నన్నేం గీస్తవ్? పనిలేదా నీకు?"

"ఉన్నదున్నట్టు గీస్తనక్కా. మీ కష్టమేందో ఈ పట్నపోళ్ళు కండ్లార చూడాలె."

అన్నట్టే గీశాడు. పగిలిన మడమలు, మాసిన చీర, నెత్తిన గంప, మెడలో పసుపుకొమ్ము. "అచ్చం నేనే!" అని ఆండాలు మురిసిపోయింది. పటాన్ని ఒక హాల్లో ప్రదర్శనకు పెడుతున్నారని తెలిసి, గంప పక్కన పడేసి వెతుక్కుంటూ ఆ హాలుకు వెళ్ళింది.

గోడమీద తనే ఉంది. మెడలో మాత్రం ఏమీ లేదు.

"ఏడున్నది నా తాడు?"

ఆ అరుపుకు హాలంతా తిరిగి చూసింది. మైసయ్య తల దించుకున్నాడు.

"నిన్న దాని మీద రంగేసిన అక్కా. తాడుంటే చూసినోళ్ళకు ఏడుపు రాదు, బహుమతి రాదన్నరు సారు."

ఆ సారు, ప్రదర్శన పెట్టించిన రామచంద్రరావు, పక్కనే ఉన్నాడు. "బొమ్మే కదమ్మా! నలుగురూ జాలిపడితే మీకే మంచిది," అన్నాడు చిరాగ్గా.

ఎంత మాట! ఆండాలుకు ఒళ్ళు మండిపోయింది.

"మీరు జాలిపడాల్నంటే నా మొగడు సావాల్నా సారూ? మీ ఇంట్ల ఆడోళ్ళను గిట్ల గీయించుకుంటరా?"

ఆమె మైసయ్య మీదికి తిరిగింది.

"ఉన్నదున్నట్టు గీస్తనంటివి గదరా! కరువు నా పుస్తెలు తీసుకుంది గానీ ఈ తాడు ముట్టలే. నువ్వు ముట్టినవ్!"

కొంగు ముడిచి పటం మెడను రుద్దింది. నూనెరంగు ఇంకా ఆరలేదు, కొంగుకు అంటుకుని వచ్చేస్తోంది. "ఎవరక్కడ? పట్టుకోండి!" అని రావు కేకలేశాడు. ఎవరూ ముందుకు రాలేదు. మైసయ్య గుడ్డ పట్టుకుని దగ్గరికి వచ్చాడు.

"అక్కా, నేను తుడుస్త..."

"నీ చెయ్యి పెట్టకు!"

అడుగున ఎండిపోయి ఉన్న పసుపు కొద్దికొద్దిగా బయటపడింది. కొమ్ము మొత్తం కనిపించేదాకా తుడుస్తూనే ఉంది, ఏడుస్తూనే ఉంది. తర్వాత ముక్కు చీదుకుని మైసయ్యను చూసింది.

"ఇగ దించు. నేనీడ ఉండ."

మైసయ్య పటం దించాడు.