భూమిని కొలిచిన పిల్ల

మస్తాన్ వలీ దమ్మామ్ ఓడరేవు నుంచి ట్రైలర్ లారీ తోలబట్టి పదిహేనేళ్లయింది. సౌదీలో అతను చూడని మూల లేదు. దమ్మామ్‌లో అతని దగ్గరే ఉండే కూతురు ముబష్షిరాకు పన్నెండేళ్లు. ఆ పిల్ల మాత్రం రెండేళ్లుగా ఆసుపత్రికి తప్ప గడప దాటలేదు. పుట్టుకతోనే ఎముకలు పెళుసు. బడి మెట్ల మీద తోపులాటలో రెండుసార్లు కాలు విరిగాక, మళ్లీ పంపడానికి తల్లి షమీమ్‌కు ధైర్యం చాలలేదు.

అప్పట్నుంచి చదువంతా మంచం పక్కనున్న లాప్‌టాప్‌లోనే. హైదరాబాదు నుంచి స్వర్ణ టీచర్ పాఠం చెబుతుంది. తరగతిలో తొమ్మిదిమందే. అందరూ ఏదో ఒక కారణంగా బడికి పోలేనివాళ్లే. మస్తాన్ వలీకి ఆ చదువు మీద పెద్ద గురి లేదు. పిల్లకు పొద్దుపోతే చాలనుకునేవాడు.

సెప్టెంబరు ఇరవైమూడున సౌదీ జాతీయ దినం సెలవు. ఆలస్యంగా లేచి చాయ్ తాగుతుంటే ముబష్షిరా పిలిచింది. మీటరు పొడవు ప్లాస్టిక్ గొట్టం, పెద్ద చార్టు కాగితం, దారానికి కట్టిన నట్టు అన్నీ సిద్ధం చేసి పెట్టుకుంది.

"నాయినా, మిద్దె మీదికి పోయి ఈ గొట్టాన్ని నిట్టనిలువుగా నిలబెట్టల్ల. దాని నీడ తగ్గుతా తగ్గుతా వచ్చి, ఒకచోట ఆగి మళ్లా పెరుగుతాది. అన్నిటికంటే పొట్టి నీడ ఎంతో నాకు కావల్ల."

"నీడతో ఏం పని మా?"

"భూమి చుట్టుకొలత తీయల్ల."

మస్తాన్ వలీ నవ్వాడు. అయినా పిల్ల అడిగింది కదా అని మూడంతస్తులెక్కాడు. పైన ఎండ సలసల కాగుతోంది. నట్టు వేలాడదీసి గొట్టం వాలకుండా చూసుకున్నాడు. జేబులోని ఫోన్లోంచి కూతురు రెండేసి నిమిషాలకోసారి నీడ కొసన చార్టు మీద గుర్తు పెట్టమంటోంది. పదకొండున్నర దాటాక నీడ కొస తగ్గడం మానేసింది. కాసేపటికి వెంట్రుకవాసి పెరిగింది. ఇన్నేళ్లూ ఎండను తిట్టుకోవడమే తప్ప, అది ఇంత కచ్చితంగా అడుగులేస్తుందని అతను ఎన్నడూ గమనించలేదు. టేపు పెట్టి చూశాడు. యాభై సెంటీమీటర్లకు చుక్క తక్కువ.

కిందికొచ్చేసరికి చొక్కా తడిసిపోయింది. లాప్‌టాప్‌లో కావ్య అనే పిల్ల కనిపించింది. సౌదీ దక్షిణపు కొసన జీజాన్ దగ్గర ఒక చిన్న ఊళ్లో వాళ్లమ్మ నర్సు. చుట్టుపక్కల ఆ పిల్ల చదువుకోగల బడి లేదు. ఆ పిల్లా మీటరు గొట్టమే నిలబెట్టించింది, కానీ ఆ ఊరు పడమటికి ఉండడంతో అక్కడ పొట్టి నీడ పడేది మరో అరగంటకు. అందరూ కాచుకున్నారు. చివరికి కావ్య చెప్పింది: ఇరవై తొమ్మిదిన్నర సెంటీమీటర్లు.

గొట్టం ఒకటే పొడవు, సూర్యుడూ ఒకడే. మరి నీడలెందుకు వేరయ్యాయని మస్తాన్ వలీ అడిగాడు. ముబష్షిరా వంటింట్లోంచి ఉల్లిగడ్డ తెప్పించుకుని, దాని మీద దూరదూరంగా రెండు అగ్గిపుల్లలు గుచ్చి, కిటికీలోంచి పడే ఎండలో పెట్టింది. ఒక పుల్లకు నీడ పొట్టిగా, రెండో పుల్లకు పొడుగ్గా పడింది. భూమి వంపు తిరిగి ఉండబట్టే ఈ తేడా అంది.

ఆ తర్వాత పిల్లలు నీడల కొలతలతో త్రిభుజాలు గీసి కోణాలు తీశారు. రెండూళ్లకీ తేడా పది డిగ్రీలు తేలింది. వృత్తం చుట్టూ మూడొందల అరవై డిగ్రీలు కాబట్టి ఆ దూరంలాంటి ముక్కలు ముప్పై ఆరు కలిస్తే మొత్తం భూమి. పటంలో దమ్మామ్ నుంచి జీజాన్ ఎంత దక్షిణానికి ఉందో కొలిచి, వెయ్యిన్నీ యాభై ఐదు కిలోమీటర్లని రాసుకున్నారు.

ఇక్కడ మస్తాన్ వలీకి తప్పు దొరికింది. జీజాన్‌కు తాను ఎన్నోసార్లు పోయాడు, బండి మీటరు పదిహేను వందల కిలోమీటర్లకు తక్కువ ఎప్పుడూ తిరగలేదు.

"నువ్వు పోయింది రోడ్డు మీద నాయినా. అది పక్కకు కూడా పోతాది. మాకు కావల్సింది నేరుగా కిందికి ఎంత దిగినావో అంతే," అంది ముబష్షిరా.

ఆ దారిలో చాలామటుకు ఎడారి పలకలా చదునుగానే కనిపించేది. అన్ని ప్రయాణాల్లోనూ తాను ఒక పెద్ద బంతి వంపు మీదుగా దిగుతూ, మళ్లీ ఎక్కుతూ వచ్చాడన్నమాట.

ముబష్షిరా గుణించి, అందరికీ వినబడేలా చదివింది. ముప్పై ఏడు వేల తొమ్మిది వందల ఎనభై కిలోమీటర్లు. అసలు లెక్క నలభై వేలని, గొట్టాలతో, దారాలతో ఇంత దగ్గరికి వస్తారని తానూ అనుకోలేదని స్వర్ణ టీచర్ చెప్పింది. దమ్మామ్‌లో కొలత ఎవరు తీశారని అడిగితే, ముబష్షిరా లాప్‌టాప్‌ను తండ్రివైపు తిప్పింది. తెర మీద తొమ్మిది ముఖాలు. రియాద్‌లో ఒక ఆసుపత్రి పడక మీద నుంచి పాఠం వినే పిల్ల చెయ్యి ఊపింది. ఎండకు కమిలిన ముఖంతో మస్తాన్ వలీ చెయ్యి గుండె మీద పెట్టుకుని తలవంచాడు.

తరగతి ముగిశాక అన్నానికి రమ్మని షమీమ్ రెండుసార్లు పిలిచింది. అతను కదల్లేదు. కూతురి చేతివేళ్లు చూస్తూ కూర్చున్నాడు. అగ్గిపుల్లల్లాంటి వేళ్లు. వాటిని పట్టుకోవాలన్నా అతనికి భయం. ఈ మంచం మీద నుంచి కదలకుండానే, తాను పదిహేనేళ్లు తిరిగినా అంచు చూడని భూమిని ఈ పిల్ల చుట్టి వచ్చింది.

"మా, చందమామ ఎంత దూరమో కూడా ఇట్లా కొలవొచ్చా?" అని అడిగాడు చివరికి.

"కొలవొచ్చంట. ఎట్లనో నాకింకా తెలీదు," అంది ముబష్షిరా. "రేపు టీచర్ని అడుగుతా."

అడిగి తనకూ చెప్పమన్నాడు.