కోడలే పెట్టింది సార్

కుక్కర్ ఆపి వంటింట్లోంచి వచ్చేసరికి నవనీత ఆఫీసు లాప్‌టాప్ తెర మీద ఎర్రటి పెట్టె ఒకటి కనిపించింది. అనుమతి లేని పరికరాన్ని కలిపారు, ఈ లాప్‌టాప్‌ను నిలిపివేస్తున్నాం అని అందులో ఉంది. మౌస్ కదలలేదు, ఏ కీ నొక్కినా పలకలేదు. పక్కనుంచి ఒక నల్ల కేబుల్ వేలాడుతోంది. దాని చివర అత్తగారి ఫోన్, నిశ్చింతగా చార్జింగ్ ఎక్కుతోంది.

"అత్తమ్మా!"

ఆ అరుపుకి బాల్కనీలో బట్టలు ఆరేస్తున్న ఈరమ్మ చీర అక్కడే పడేసి పరుగెత్తుకొచ్చింది. "ఏందే, ఏమైంది?"

"ఈ ఫోన్ ఎవరు పెట్టిన్రు దీనికి?"

"నేనే పెట్టిన. కరెంటు పాయె, ఫోన్ బందయ్యేటట్టున్నది. మన వర్షిత స్కూలు బస్సు డ్రైవర్ గేటు కాడికి రమ్మని నాకే గద ఫోన్ చేసేది? మొన్న నరేందర్ గూడ గిట్లనే పెట్టుకున్నడు."

నిజమే. మొన్న కరెంటు పోయినప్పుడు నవనీత భర్త నరేందర్ తన ఫోన్‌ని తన సొంత లాప్‌టాప్‌కి తగిలించాడు. ఈరమ్మ చూసి నేర్చుకుంది. లాప్‌టాప్‌లలో మనది ఒకటి, మన ఒళ్ళో ఉన్నా మనది కానిది ఒకటి ఉంటాయని ఆమెకి ఎవరు చెప్పాలి? చెప్పాల్సిన కోడలికి తీరిక లేదు.

నవనీత కంపెనీ ఏదో దూరదేశపు బ్యాంకుకి పని చేసిపెడుతుంది. ఆఫీసు లాప్‌టాప్‌కి ఫోన్ తగిలించడం అక్కడ మహాపాపం. లేచి వెళ్ళేటప్పుడు లాక్ వెయ్యకపోవడం ఇంకో పాపం. ఈ నియమాల మీద ఏటా ఒక పరీక్ష కూడా పెడతారు. అందరూ పక్కవాళ్ళ జవాబులు చూసి పాసవుతారు, తర్వాత ఎవరి పనిలో వాళ్ళు పడతారు. అసలు చట్టమంతా పాంట్రీలో, కాఫీ మెషీన్ దగ్గర తయారవుతుంది. అక్కడ అందరికీ తెలిసిన కేసు కుమార్‌ది. తన లాప్‌టాప్‌కి తమ్ముడు ఫోన్ తగిలించాడని నిజం చెప్పాడట, ఆ రోజే బయటికి పంపేశారట. నువ్వు తగిలించావంటే ఒక తప్పు, ఇంకొకరి చేతికి లాప్‌టాప్ ఇచ్చావంటే రెండు తప్పులు. పాంట్రీ తీర్పు అది.

నవనీత ఫోన్ మోగింది. జీడిమెట్లలో నరేందర్ పనిచేసే మందుల యూనిట్ మూతపడ్డప్పటి నుంచి కొండాపూర్‌లోని ఆ ఇల్లు ఆమె ఉద్యోగం మీదే నిలబడి ఉంది. ఫోన్ ఎత్తేటప్పుడు ఆమె మనసులో ఉన్నది అదొక్కటే.

"నవనీత గారాండీ? సెక్యూరిటీ టీం నుంచి రామాంజనేయులునండి. మీ లాప్‌టాప్‌కి ఫోన్ ఒకటి కనెక్ట్ అయిందండి. మధ్యాహ్నం ఒకసారి ఆఫీసుకి రావాలి. లాప్‌టాప్, ఆ ఫోన్ రెండూ తీసుకురండి. ఫోన్ ఎవరిదో వాళ్ళని కూడా తీసుకొస్తే మంచిదండి."

గొంతు ఎంత మెత్తగా ఉందో, నవనీతకి అంత భయం వేసింది. మర్యాదగా పిలిచేది సాగనంపడానికే అని కూడా పాంట్రీలోనే విన్నది మరి.

నరేందర్ పని వెతుక్కుంటూ బయటికి పోయి ఉండటంతో, బస్సు దిగిన కూతురు వర్షితని పక్కింటి ప్రవీణకి అప్పజెప్పి అత్తాకోడళ్ళు ఆటో ఎక్కారు. ఫ్లైఓవర్ కింద బండ్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. నవనీత లాప్‌టాప్ సంచిని గుండెలకి అదుముకుని కూర్చుంది.

"ఇను అత్తమ్మా. ఎవరు పెట్టిన్రని అడుగుతరు. కోడలే పెట్టిందని చెప్పు."

"నేను పెట్టినదాన్ని నీ మీదికి ఎట్ల తెస్త?"

"నువ్వు పెట్టినవంటే నా నౌకరి పోతది."

ఈరమ్మ ముఖం పాలిపోయింది. ఒక ఫోన్ తగిలిస్తే నౌకరి ఎందుకు పోతుందో ఆమెకి అర్థం కాలేదు గానీ, పోతుందన్న మాట మాత్రం అర్థమైంది. "అయ్యో, ఎంత పని చేస్తి!" అని నెత్తి కొట్టుకుంది.

"వాళ్ళు మంచిగ మాట్లాడుతరు. ఏం గాదు చెప్పుమంటరు. నమ్మకు. నేను భయపడి అటు ఇటు అన్నా, నువ్వు మాత్రం మాట మార్చకు."

"మార్చ బిడ్డా. నువ్వు ఫికర్ చెయ్యకు."

ఈరమ్మ పుట్టి బుద్ధెరిగి అబద్ధమాడి గెలిచింది లేదు. కొడుకు చిన్నప్పుడు పక్కింటి జామకాయలు కోస్తే తనే వెళ్ళి చెప్పి తిట్లు తినొచ్చిన మనిషి. అటువంటి మనిషి ఆటోలో పెదవులు కదుపుతూ ఒకే మాటని వల్లె వేసుకుంటోంది. చూస్తుంటే నవనీతకి జాలేసింది, సిగ్గేసింది. అయినా ఆపలేదు.

ఆఫీసు గేటు దగ్గర ఈరమ్మ మెడలో విజిటర్ కార్డు వేశారు, ఆమె ఫోన్ కెమెరా మీద స్టిక్కర్ అంటించారు. లిఫ్టులో ఆమె కోడలి చేయి పట్టుకుంది.

గదిలో రామాంజనేయులు, పక్కన హెచ్ఆర్ శ్రీలత ఉన్నారు. "రండమ్మా, కూర్చోండి" అంటూ ఆయన ఈరమ్మకి కుర్చీ జరిపాడు. మంచిగ మాట్లాడుతరు అన్న మాట అప్పుడే నిజమైందన్నట్టు ఈరమ్మ కోడలి వైపు చూసింది.

ఆయన ఫోన్ తీసుకుని, ఈరమ్మ చేత లాక్ తీయించి, తన దగ్గరున్న రికార్డుతో పోల్చి చూశాడు.

"ఒక్క ఫైలు కూడా ఇటు నుంచి అటు వెళ్ళలేదండి. చార్జింగ్ ఎక్కింది, అంతే." నవనీతకి పోతున్న ప్రాణం తిరిగొచ్చింది. "ఇంకొక్క ప్రశ్నేనండి. ఫోన్ తగిలించింది ఎవరు?"

నవనీత నోరు తెరిచేలోపే ఈరమ్మ అందుకుంది. "నా కోడలే పెట్టింది సార్. నేను ముట్టుకోలే. నాకు గవన్నీ ఎక్కడ తెలుస్తయ్?"

నేర్పింది ఒక్క మాట, ఆమె అప్పజెప్పింది మూడు. ఎక్కడా తడబడలేదు. కానీ శ్రీలత, రామాంజనేయులు ముఖముఖాలు చూసుకున్నారు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"నవనీత గారూ, నిజంగా మీరేనా అండీ? ఎందుకంటున్నానంటే, ఇంటి దగ్గర పెద్దవాళ్ళు తెలియక తగిలించడం మామూలే. లాక్ వెయ్యనందుకు హెచ్చరిక ఇచ్చి వదిలేస్తాం. ఉద్యోగం చేసేవాళ్ళే తెలిసి తగిలిస్తే మాత్రం మా చేతుల్లో ఏమీ ఉండదండి."

నవనీత కుర్చీలో ముందుకి జరిగింది. "మరి కుమార్? వాళ్ళ తమ్ముడు పెట్టాడని చెప్పినా తీసేశారు కదా సార్?"

"కుమార్ ఫోన్‌లో మన క్లయింటు ఫైళ్ళు దొరికాయండి. ఆ ముక్క ఆయన బయట ఎవరికీ చెప్పుకుని ఉండడు లెండి."

పాంట్రీ చట్టం అక్కడితో కుప్పకూలింది. "నేను కాదు సార్. మా అత్తమ్మే పెట్టింది" అంది నవనీత. ఆ మాట తన చెవికే అబద్ధంలా వినిపించింది. "అత్తమ్మా, జరిగింది జరిగినట్టు చెప్పు. ఏం గాదు, చెప్పు."

ఈరమ్మ కోడలి ముఖంలోకి చూసింది. పిల్ల భయపడిపోయింది, అటు ఇటు అంటోంది. ఇప్పుడు గట్టిగా నిలబడాల్సింది తనే.

"కాదు సార్, ఆమెనే పెట్టింది. భయపడి నా మీదికి తెస్తున్నది."

"అత్తమ్మా, నీకు దండం పెడ్త, నిజం చెప్పు!"

"నిజమే చెప్తున్న. సచ్చిపోయిన మా ఆయన రాజయ్య మీద ఒట్టు సార్. నేను ముట్టలే."

శ్రీలత కుర్చీలోంచి లేచింది. "చాలు, ఆమెని ఇబ్బంది పెట్టకండి" అని నవనీతతో అంది. అని ఈరమ్మని బయటికి తీసుకెళ్ళి, సోఫాలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు ఇప్పించి తిరిగి వచ్చింది. తప్పుని పెద్దావిడ మీదికి నెట్టే కోడలు ఎలా ఉంటుందో చూడాలన్నట్టు నవనీత వైపు చూసింది.

ఇంక దాచి లాభం లేదు. ఆటోలో తను ఏం నేర్పిందో, ఎందుకు నేర్పిందో నవనీత పూసగుచ్చినట్టు చెప్పేసింది. చెబుతూ ఏడ్చింది. రామాంజనేయులు తల దించుకున్నాడు.

"నాకు మీ మాట నమ్మాలనే ఉందండి" అన్నాడు. "కానీ నమ్మితే విచారణకి ముందే ఆమెకి అబద్ధం నేర్పారని రాయాలి. నమ్మకపోతే ఫోన్ మీరే తగిలించారని రాయాలి. ఏది రాసినా ఉద్యోగం నిలవదు, ఈ రెండూ కాకుండా రాయడానికి నాకు ఏమీ మిగల్లేదండి. ముందే ఉన్నదున్నట్టు చెప్పి ఉంటే టీ తాగి వెళ్ళిపోయేవారు."

"మీరే రాజీనామా పంపితే ఇదేదీ రికార్డులోకి రాదు" అంది శ్రీలత. ఆమె గొంతు కూడా ఇప్పుడు మెత్తబడింది. "లాప్‌టాప్ ఇక్కడ పెట్టండి. ఐడీ కార్డు కింద గేటు దగ్గర ఇచ్చేయండి."

బయట ఈరమ్మ సోఫా అంచున కూర్చుని ఉంది. నవనీతని చూడగానే లేచి, ఎవరైనా వింటున్నారేమోనని అటూ ఇటూ చూసి, గుసగుసగా అంది.

"మంచిగ చెప్పిన గదా బిడ్డా? నువ్వు నడుమ బెదిరిపోయినవ్. నేను మాత్రం మాట మార్చలే. మీ మామ మీద ఒట్టు గూడ పెట్టిన. ఆయన ఏమనుకోడులే, నీ కోసమే గద."

నవనీతకి కోపం గొంతు దాకా వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎదురుగా ఉన్న ముఖం మాత్రం పండగ నాటి ముఖంలా వెలిగిపోతోంది.

"మంచిగ చెప్పినవ్ అత్తమ్మా" అంది.

కింద గేటు దగ్గర గార్డు చేయి చాపాడు. నవనీత అత్తగారి మెడలోంచి విజిటర్ కార్డు తీసి ఇచ్చింది. తన మెడలోని కార్డు కూడా తీసి దాని పక్కన పెట్టింది.

"నీది గూడ ఇచ్చినవేందే?" అంది ఈరమ్మ. "రేపు లోపటికి ఎట్ల పోతవ్?"

నవనీత రోడ్డు వైపు తిరిగి, వస్తున్న ఆటోని ఆపడానికి చేయెత్తింది.