మూడో బోనులోని కోతి

శంషాబాద్ అవతల, కొత్త ప్లాట్ల హద్దురాళ్ల మధ్య ఉన్న జంతు సంరక్షణ కేంద్రంలో మైమూనా ఆరేళ్లుగా పని చేస్తోంది. గాయపడిన నెమళ్లకు, తల్లి లేని కుందేలు పిల్లలకు మేత పెట్టడం, బోనులు కడగడం ఆమె పని. ఒకరోజు పొద్దున పదకొండింటికి గేటు ముందు క్యాబ్ ఆగింది. డ్రైవర్ ఘియాసుద్దీన్ రెండు చేతులతో టవల్ మూట పట్టుకుని దిగాడు.

"ఆపా, జర చూడు. ఎయిర్‌పోర్టు రోడ్డు మీద తల్లిని లారీ గుద్దింది. సచ్చిపోయింది. ఇది దాని పొట్ట ఇడుస్తలేదు. వేళ్లు ఒక్కొక్కటి ఊడదీసి తెచ్చిన."

మూటలో పది రోజులైనా నిండని కోతి పిల్ల. ముడతల మొహం, పెద్ద చెవులు. సూది లేని సిరంజితో పాలు పెడితే తాగలేదు. అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది. ఘియాసుద్దీన్ ఫోన్ మోగుతూనే ఉంది. "ఒక్క చుక్కన్న తాగనియ్, గప్పుడు పోత" అంటూ కదల్లేదు. చివరికి పిల్ల మైమూనా దుపట్టా దొరకబుచ్చుకుని ఆమె ఎదమీదికి పాకింది. అక్కడ వేలాడుతూ తాగింది.

ఆనాటి నుంచి రెండు గంటలకోసారి పాలు. మైమూనా కసువు ఊడ్చినా, పండ్లు కోసినా పిల్ల ఆమె ఎదమీదే. డాక్టర్ శిరీషకు అదే బెంగ. ఆమెది రాజమండ్రి వైపు.

"మనిషికి అలవాటు పడితే ఇక కోతుల్లో కలవదు మైమూనా గారూ. దీనికి కోతే కావాలి."

"నాకు తెల్వదా మేడం? కానీ కింద పెడితే గట్ల ఏడుస్తది..."

మూడో బోనులో ఒక ఆడకోతి ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద షాక్ తగిలి కుడి చెయ్యి కాలిపోతే, భుజం దాకా తీసెయ్యాల్సి వచ్చింది. మూడు నెలలైనా అది మనిషి అలికిడికి గోడవైపు తిరిగి కూర్చునేది. ఒక మధ్యాహ్నం మైమూనా ఆ బోనులోని గిన్నె కడగడానికి పిల్లను బుట్టలో పెట్టగానే అది కీచుమని అరిచింది. ఆడకోతి గిరుక్కున ఇటు తిరిగింది. బోను ఇనుప జాలీ దాకా వచ్చి పెదవులు చప్పరిస్తూ పిలిచింది.

"మేడం, జల్ది రాండ్రి!"

శిరీష చాలాసేపు చూసింది. "కొరికి పడేస్తే మనమేం చెయ్యలేం" అంది. తొందరపడకుండా, పగటిపూట పిల్లను ఒక చిన్న బోనులో ఉంచి రెండు బోనులూ పక్కపక్కన పెట్టించింది. నాలుగు రోజులు ఆడకోతి జాలీ సందులోంచి ఉన్న ఒక్క చేత్తో పిల్ల వేళ్లు సవరిస్తూ కూర్చుంది.

ఐదో రోజు మధ్య తలుపు తీశారు. పిల్ల ఆడకోతి వైపు పోలేదు. ఇటువైపు జాలీకి అతుక్కుని మైమూనా కోసం అరిచింది.

"మీరు కనబడకుండా వెళ్లిపోండి" అంది శిరీష మెల్లగా.

మైమూనా షెడ్డు వెనక్కి పోయి రెండు చెవులూ మూసుకుంది. అయినా అరుపు వినిపిస్తూనే ఉంది. పన్నెండు రోజులు పిల్ల వేలాడిన చోట ఎదంతా వెలితిగా ఉంది. పైన విమానం ఒకటి దిగుతూ పోయింది. ఆ మోత తగ్గాక అరుపు వినిపించలేదు. ఆమె పరుగున వచ్చింది.

పిల్ల ఆడకోతి పొట్టకు కరుచుకుని ఉంది. పట్టు జారినప్పుడల్లా ఆడకోతి మోకాలు పైకెత్తి ఆసరా ఇస్తోంది. ఒక్క చెయ్యి పిల్ల వీపు మీంచి తియ్యడం లేదు.

"తీస్కున్నది" అంది మైమూనా. సంతోషంతో పాటు చిన్న రోషం కూడా తన్నుకొచ్చింది. దుపట్టాతో కళ్లు తుడుచుకుంది.

ఆడకోతికి పాలు లేవు. రెండు గంటలయ్యాక మైమూనా భయంభయంగా సిరంజి పట్టుకుని జాలీ దగ్గర కూర్చుంది. ఆడకోతి పళ్లు చూపించింది.

"గుంజుకోనమ్మా. పాలు పోసి పోత, అంతే."

చాలాసేపటికి ఆడకోతి జరిగి జరిగి దగ్గరికొచ్చింది. మొదటిసారి గోడవైపు కాకుండా ఆమెకు ఎదురుగా కూర్చుని, పిల్లను చేత్తో కాస్త ముందుకు పట్టుకుంది. సిరంజి ఖాళీ అయ్యేదాకా అట్లాగే పట్టుకుని ఉంది.